ట్యూబ్ ఆంప్ కొనే ముందు నీ స్పీకర్ వెనక ఏం రాసుందో చూడు

ప్రశ్న: అన్నా, న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఇంట్లో పాటలకి మంచి ట్యూబ్ ఆంప్లిఫయర్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది) పెట్టుకోవాలని ఎప్పటినుంచో కోరిక. కొత్తదే కొనాలని 2,000 డాలర్లు పక్కన పెట్టాను. 300బి ట్యూబులవి బాగుంటాయని అందరూ అంటున్నారు. ప్రస్తుతం కెఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పీకర్లు ఉన్నాయి. రెండు మూడేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోయే ఆలోచన కూడా ఉంది. ఏది కొనమంటారు?

తమ్ముడూ, జవాబు నీ ప్రశ్న చివర్లోనే ఉంది. ఒకటి ఆ స్పీకర్లు, రెండోది ఆ హైదరాబాద్ ఆలోచన. ఈ రెండూ తేలాక మిగిలేది రంగూ, బడ్జెట్టూ.

ముందు స్పీకర్ల సంగతి. ధనుర్మాసంలో తెల్లవారుజామున రామాలయం మీద మోగే మైకు గుర్తుందా? కింద గదిలో ఉండే ఆంప్లిఫయర్ ఏమంత పెద్దది కాదు. అయినా ఊరి బయట పొలాల దాకా వినిపించేది. ఆ గొప్పంతా పైన కట్టిన హారన్‌ది. ఇచ్చిన కాస్త పవర్‌నీ ఒక స్పీకర్ ఎంత శబ్దం చేయగలదో చెప్పేదే సెన్సిటివిటీ. 1 వాట్ ఇచ్చి, 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో కొలుస్తారు. నీ ఎల్‌ఎస్50 మెటాకి అది 85. క్లిప్ష్ వాళ్ల హెరెసీ 3 లాంటి హారన్ స్పీకర్‌కి కంపెనీ చెప్పే లెక్క 99. తేడా 14 డెసిబెల్సే కదా అనుకోకు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ వాట్లు రెట్టింపవుతాయి. 14 అంటే సుమారు 25 రెట్లు. హెరెసీ మీద 8 వాట్లతో వచ్చే శబ్దం నీ స్పీకర్ల మీద రావాలంటే 200 వాట్లు కావాలి. అన్ని వాట్లు నీ స్పీకర్లు తట్టుకోలేవు కూడా.

ఇప్పుడు 300బి. ఒక్కో చానెల్‌కి, అంటే ఎడమ, కుడి స్పీకర్లలో ఒక్కోదానికి, ఒక్క ట్యూబుతో నడిచే 300బి ఆంప్ ఇచ్చేది ఆ 8 వాట్లే. ఈ లెక్క తెలియక నేనూ ఒకటి తెచ్చుకున్నాను. బాలమురళి గారి గొంతు గదిలో కూర్చుని పాడుతున్నట్టే ఉంది, కాదనను. తని ఆవర్తనం మొదలయ్యేసరికి మృదంగం దెబ్బలు తడిసిన దిండు మీద కొట్టినట్టు వినిపించాయి. ఆంప్ తప్పేం లేదు, కుదరని సంబంధం కుదిర్చింది నేను. పైగా వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్ల 300బి జత మార్చాలంటే 1,000 డాలర్లు దాటుతుంది.

కాబట్టి నీకు కావలసింది పుష్‌పుల్ ఆంప్. చానెల్‌కి రెండు ఈఎల్34 లేదా కేటీ88 ట్యూబులుండి, 35, 40 వాట్లకి తగ్గనిది. కెఫ్ వాళ్లే ఈ స్పీకర్లకి 40 నుంచి 100 వాట్ల మధ్య ఆంప్ వాడమని రాస్తారు. ఇంకోటి, వీటి మీద 8 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) అని ఉన్నా కొన్ని స్వరాల దగ్గర 3.5 ఓమ్స్ దాకా దిగుతాయి. అందుకని ఆంప్ వెనక 8 ఓమ్స్ టెర్మినల్‌తో పాటు 4 ఓమ్స్‌ది కూడా ఉండాలి. రెండిట్లోనూ పెట్టి విని, బేస్ ఎక్కడ బిగువుగా ఉంటే అక్కడ ఉంచేసుకో. వైర్లు మార్చేటప్పుడు మాత్రం ఆంప్ ఆపెయ్. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌లో పాట పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

షాపుల్లో ట్యూబ్ అనే మాట చూసి మోసపోకు. కొన్నిటిలో ముందు రెండు చిన్న ట్యూబులు మాత్రమే ఉంటాయి, స్పీకర్ని తోసే పనంతా చిప్పులదే. అలాంటి హైబ్రిడ్‌లలో మంచివీ ఉన్నాయి, కాకపోతే తెలిసి కొనాలి. బాగా చవకరకాల్లో ట్యూబు కింద నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి వెలుగు చూపిస్తారు. అసలు ట్యూబు వెలుగు అంత జిగేలుమనదు, మధ్యలో సన్నటి నిప్పుతీగలా కనిపిస్తుంది.

ఇక హైదరాబాద్ సంగతి. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. తెనాలిలో నాన్నగారికి పాత పాటలంటే ప్రాణం. చిన్నప్పుడు ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్ వేశాక అది వేడెక్కి పచ్చకన్ను వెలిగేదాకా నాన్నగారు పక్కనే నిలబడేవారు. ఆయనకని ఇక్కడ ఆంప్ కొని పట్టుకెళ్లాను. అమ్మినవాళ్లు "స్టెప్‌డౌన్ పెట్టుకుంటే చాలు" అన్నారు. పెట్టాం. వేసవిలో మూడో నెలకి కాలిన వార్నిష్ వాసన.

మోటార్లకి వైండింగ్ చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, తిరగేసి చూసి, "ఇది అరవై సైకిల్స్‌ది కదండీ, మన కరెంటుకి దీని కోరు చాలదు" అన్నాడు. ఇంజనీరింగ్ చదివిన నేను నోరు మూసుకుని విన్నాను. స్టెప్‌డౌన్ వోల్టేజీని 230 నుంచి 110కి దించుతుంది గానీ, 50 హెర్ట్జ్‌ని 60 చేయదు. ఫ్రీక్వెన్సీ తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్ కోరు, అంటే లోపలి ఇనుప దిమ్మ మీద భారం పెరిగి వేడెక్కుతుంది. మామూలుగానే కాలే ట్యూబ్ ఆంప్‌లో ఆ వేడి ఎక్కడికి పోతుంది?

అందుకని కొనే ముందు వెనక ప్లేటు ఫోటో పంపమని అడుగు. "120 వోల్ట్స్, 60 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే అది అమెరికా వదలదు. "50/60 హెర్ట్జ్" అని ఉండి, లోపల కనెక్షన్ మార్చి 230కి తిప్పుకునే వీలుందా, ఆ మార్పు కంపెనీ చేసిస్తుందా అని ఈమెయిల్‌లో రాయించుకో. ఫోన్ మీద చెప్పిన మాట లెక్కలోకి రాదు. బరువు కూడా కనుక్కో. ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల ఇలాంటివి చాలావరకు 20 నుంచి 30 కిలోలు తూగుతాయి. ఎకానమీలో ఒక్కో పెట్టెకి 23 కిలోలు. అమ్మ పెట్టే ఆవకాయకి చోటుండదు. వెళ్లడం ఖాయమైతే ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌ది కొని వాడుకుని, వెళ్లేటప్పుడు అమ్మేసి, అక్కడ 230 వోల్టులది కొనుక్కోవడమే నా ఓటు.

సెకండ్‌హ్యాండ్ అంటే 1959లో వచ్చిన డైనాకో ఎస్‌టీ-70 ఇప్పటికీ దొరుకుతుంది, చానెల్‌కి 35 వాట్లు, నాలుగు ఈఎల్34లు. మంచి సరుకే గానీ కెపాసిటర్లు మార్చారో లేదో చూడాలి. నువ్వే మూత విప్పి చూద్దామనుకోకు. లోపల 400 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలవుంటుంది.

ట్యూబులు అరిగేవే. పెద్దవి సుమారు 2,000 నుంచి 3,000 గంటలు వస్తాయి. రోజుకి రెండు గంటలు వింటే మూడు నాలుగేళ్లు. ఈఎల్34 నాలుగింటి సెట్ 100 నుంచి 200 డాలర్లలో వస్తుంది. ఇప్పుడు ట్యూబులు ముఖ్యంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే వస్తున్నాయి. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి సరుకు కొన్నాళ్లు ఆగితే ఎంత గాభరా పడ్డామో. అందుకే నలుగురు తయారుచేసే ట్యూబు ఉన్న ఆంప్ కొనుక్కో. ట్యూబు పైభాగంలో అద్దంలా వెండి పూత ఉంటుంది చూడు, అది సున్నం వేసినట్టు తెల్లబడితే లోపలికి గాలి దూరిందన్నమాట. గాజు మీద నీలి కాంతి కనిపిస్తే టెన్షన్ వద్దు, మామూలే. లోపలి రేకు ఎర్రగా కాలుతుంటే మాత్రం ఆ క్షణమే ఆపు, బయాస్ (ట్యూబు ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే సెట్టింగ్) తప్పింది. బయాస్ దానంతటదే చూసుకునే ఆటో రకం తీసుకుంటే స్క్రూడ్రైవర్ గొడవ తగ్గుతుంది.

పిల్లలుంటే పైన జాలీ మూత తప్పనిసరి.

కొనడానికి తొందరపడకు. ఏప్రిల్‌లో షికాగో దగ్గర ఆక్స్‌పోనా, నవంబరులో మేరీలాండ్ రాక్‌విల్‌లో క్యాపిటల్ ఆడియోఫెస్ట్ అనే ఆడియో షోలు జరుగుతాయి. రెండోది మనకి కారులో వెళ్లి వచ్చే దూరమే. వాళ్లు వినిపించే జాజ్ విని పడిపోకుండా నీ పాటలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి పెట్టమను. ఘంటసాల గారి పాత మోనో రికార్డులు ఒకటి రెండు కూడా ఉంచు. గొంతు ఎలా వస్తుందో వాటిలో తెలిసిపోతుంది.

అంతకన్నా ముందు, ఒక శనివారం నీ స్పీకర్లు కారులో వేసుకుని మా ఇంటికి వచ్చెయ్. నా ఈఎల్34 ఆంప్‌కి తగిలించి చూద్దాం. బయల్దేరేటప్పుడు ఫోన్ చెయ్, వచ్చేసరికి వేడెక్కించి ఉంచుతాను.