సాయంత్రం అయిదింటికి మిగిలినవాళ్లు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు పేరిట వందనాలు. నీ కథ రెండుసార్లు చదివాను. తాగుబోతు ఆటో డ్రైవరు, అతని తల్లి ప్రార్థనలు, ఒక ఆదివారం మందిరంలో అతడు కుమిలి ఏడవడం, తాగుడు మానడం, చివరికి సొంత ఆటో కొనుక్కోవడం. భాష నీకు చక్కగా పట్టుబడింది. కానీ కృప గురించి, అంటే అర్హత చూడకుండా దేవుడు చేసే మేలు గురించి రాయబోయి జీతం గురించి రాశావు. అతడు మారాడు కాబట్టి దేవుడు దీవించాడన్న లెక్క మీదే కథంతా నడిచింది. పౌలు రోమీయులకు రాస్తూ ఈ రెంటినీ ఒకే వాక్యంలో విడదీశాడు. పాపం ఇచ్చేది జీతం, దేవుడు ఇచ్చేది కృపావరం.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానం నీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఈసారి దాన్ని కథ రాసేవాడిగా చదువు. తోట యజమాని తెల్లవారినప్పటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా పలుమార్లు వెళ్లి కూలీలను పిలిచాడు. రోజుకు ఒక దేనారమని, అంటే ఒక వెండి నాణెమని, బేరం కుదిరింది తెల్లవారగానే వచ్చినవాళ్లతో మాత్రమే. తొమ్మిది గంటలవాళ్లకు 'ఏది న్యాయమో అది ఇస్తాను' అన్నాడు యజమాని. అయిదు గంటలవాళ్లతో కూలి మాటే ఎత్తలేదు, తోటలోకి వెళ్లమన్నాడంతే. రోజంతా ఎందుకు ఊరకే నిలబడ్డారని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు చూడు: 'ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు.'

ఈ మాట నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మా ఊరి సెంటరులో పొద్దున్నే కూలీల అడ్డా ఉండేది. మేస్త్రీలు వచ్చి ముందు కుర్రవాళ్లను, తర్వాత బలంగా ఉన్న ఆడవాళ్లను ఎంచుకుని తీసుకుపోయేవారు. తొమ్మిది దాటాక ఒక పెద్దాయన మిగిలేవాడు. తువ్వాలులో చుట్టిన తాపీ, పక్కన అన్నం క్యారియర్. ఒకరోజు సాయంత్రం బస్సు దిగి చూస్తే ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. ఇంటికి వెళ్లలేదేమని అడిగాను. 'ఇప్పుడే వెళితే పని దొరకలేదని తెలిసిపోతుంది బాబూ' అన్నాడు. క్యారియర్ మూత కూడా తీయలేదు. ఆ రాత్రి ఉపమానం మళ్లీ తెరిస్తే, అయిదు గంటలకు నిలబడి ఉన్నవాళ్లు నాకు మొదటిసారి మనుషుల్లా కనిపించారు. వాళ్లు సోమరులు కారు, ఎవరికీ అక్కర్లేనివాళ్లు. దేనారమంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. చేసిన గంట పనికి అందులో పన్నెండో వంతు పట్టుకుని వెళితే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

కథ నడిపిన తీరు కూడా చూడు. యజమాని చివర వచ్చినవాళ్లకే ముందు కూలి ఇప్పించాడు, అదీ నిండు దేనారం. పొద్దుటినుంచి చేసినవాళ్లకూ అదే దేనారం. మొదట వచ్చినవాళ్లకే ముందు ఇచ్చి ఉంటే, తమ దేనారం తాము తీసుకుని సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు. గొడవే ఉండేది కాదు. యేసు వాళ్లను కావాలనే నిలబెట్టి చూడనిచ్చాడు. 'పగలంతయు కష్టపడి యెండబాధ సహించిన' తమతో వీళ్లను సమానం చేశాడని వాళ్లు సణిగారు. ఎండలో ఒళ్లు మండిపోయినవాళ్ల బాధ అబద్ధం కాదు, దాన్ని తేలిక చేయకు. అప్పుడు యజమాని అడుగుతాడు: 'నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?' గ్రీకులో ఉన్న మాటకు అక్షరార్థం 'నీ కన్ను చెడ్డదా' అని. మన అనువాదకులు దాన్ని కడుపుమంట చేశారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అనర్హుడికి మేలు జరిగినప్పుడు మనలో రగిలేదానికి తెలుగులో ఇంతకన్న నిజమైన పేరు లేదు.

నీ కథలో ఆ మంట ఎవరికీ లేదు. అన్న తాగి తిరిగినన్నాళ్లూ తల్లికి అన్నం పెట్టిన తమ్ముడు రెండో పేజీలో కనిపించి మాయమయ్యాడు. అతణ్ని వెనక్కి పిలువు, నోరు విప్పనివ్వు. అతని మాటకు నీ దగ్గర వెంటనే జవాబు లేకపోయినా ఫరవాలేదు.

ఇంకొక సంగతి. రోమా పత్రిక అయిదో అధ్యాయంలో 'మనమింకను పాపులమై యుండగానే' క్రీస్తు మన కొరకు చనిపోయాడని ఉంది. ఆ 'ఇంకను' దగ్గర ఆగు. మారిన తర్వాత అనలేదు, మారతామన్న పూచీ మీద అనీ అనలేదు. సిలువ మీద ఆయన ఇచ్చిన వెల మన మార్పు కంటే ముందే చెల్లిపోయింది. నీ కథలో దేవుడు మాత్రం అతడు మారేదాకా ఆగాడు.

నిజానికి కృప నీ కథలో ఉంది, నువ్వే గమనించలేదు. మూడో పేజీలో, తల్లి చీటీ డబ్బు అతడు దొంగిలించి తాగి వచ్చిన రాత్రి, ఆమె కంచంలో అన్నం పెట్టి మూత వేసి గడప దగ్గర కూర్చుంది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి ఆదివారం ఏడుపుకు రెండు పేజీలు ఇచ్చావు. ఆ రాత్రి అతడు మారలేదు, మర్నాడూ తాగాడు. ఆమె మర్నాడూ కంచం మీద మూత వేసే ఉంటుంది. సొంత ఆటోను తీసేయ్. ఆ కంచం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆ డబ్బు పోయినందుకు ఆమె ఆ నెల ఏం మానుకుందో కూడా రాయి. పంపితే చదువుతాను.

ప్రభువునందు నీ అన్న