డిక్కీలో సిలిండరు, బయట మే నెల ఎండ: నైట్రస్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది భీమవరం. 1197 సీసీ పెట్రోల్ స్విఫ్ట్ ఉందండి. నైట్రస్ (ఇంజిన్‌కి అదనపు ఆక్సిజన్ ఇచ్చి బలం పెంచే నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు) పెట్టిద్దామని చూస్తుంటే 75 హెచ్‌పీ బలం పెంచే కిట్ దొరుకుతోంది, సిలిండరు హీటర్ కూడా కలిపి ఇస్తామంటున్నారు. ఇంజిన్ పాడవకుండా ఉండాలంటే ఏది తీసుకోమంటారు?

జవాబు: 75 వద్దండి. మీ ఇంజిన్ సొంత బలమే 80 చిల్లర. దాని మీద దాదాపు అంతే బలం ఒక్కసారిగా వేస్తే ముందు క్లచ్ జారుతుంది, ఆ తర్వాత పిస్టన్ల వంతు. 25 హెచ్‌పీ జెట్లున్న (జెట్ అంటే ఎంత పారాలో కొలిచి వదిలే సన్న రంధ్రం) వెట్ కిట్ చాలు.

వెట్ కిట్‌లో నాజిల్ గ్యాసునూ పెట్రోలునూ కలిపి చిమ్ముతుంది. డ్రై కిట్ గ్యాసు మాత్రమే పంపుతుంది కాబట్టి అదనపు పెట్రోలు ఇంజెక్టర్లే ఇవ్వాలి. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూనింగ్ తెలిసినవాడు దగ్గర్లో లేకపోతే డ్రై జోలికి పోకండి. నాజిల్‌ని థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) 10-15 సెంటీమీటర్ల ముందు పైపులో బిగించాలి. ప్లాస్టిక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) పల్లంలో పెట్టారంటే అక్కడ పెట్రోలు మడుగు కడుతుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ (మంట వెనక్కి తన్నడం) వచ్చిందా, మానిఫోల్డ్ పగిలిపోతుంది.

ఇక సిలిండరును వేడిచేసి లోపలి ప్రెషర్ పెంచే హీటర్. అది చలిదేశాల సరుకు. కిట్లు మామూలుగా 900-1,000 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర పనిచేసేలా జెట్లు లెక్కగట్టి ఇస్తారు. సిలిండరు 30 డిగ్రీలుంటే లోపల 915 పీఎస్ఐ దాకా ఉంటుంది. మన డెల్టాలో ఏడాదిలో చాలా రోజులు అది ఊరికే వస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీలప్పుడు 735కి పడితే పెట్రోలు కాస్త ఎక్కువై బండి బద్ధకిస్తుంది, అంతే. అసలు గొడవ మే నెలది. ఎండలో నిలిపిన కారు డిక్కీ 50 డిగ్రీలు దాటుతుంది. 36.4 డిగ్రీలు దాటాక నైట్రస్‌కి ద్రవం, ఆవిరి అన్న తేడాయే ఉండదు, ప్రెషర్ 1,050 దాటి ఎగబాకుతుంది. గ్యాసు ఎక్కువ తోసుకొస్తుంది, పెట్రోలు జెట్ మాత్రం పాత లెక్కే ఇస్తుంది. మిశ్రమం పలచబడి పిస్టన్ అంచు కరుగుతుంది. కాబట్టి హీటర్ డబ్బులతో మంచి ప్రెషర్ గేజ్ కొనండి. ముల్లు 1,100 చూపిస్తే సిలిండరుకి తడి గోనెపట్టా చుట్టి, దిగేదాకా ఆగండి.

స్విచ్‌ల దగ్గర పిసినారితనం పనికిరాదు. డ్యాష్‌బోర్డు మీద ఆర్మింగ్ స్విచ్ (మొత్తం సిస్టమ్‌ని ఆన్ చేసేది), ఫ్యూజుతో 30 ఆంపియర్ల రిలే, ఫుల్ థ్రాటిల్‌లోనే కరెంటు ఇచ్చే స్విచ్ (మీ బండికి థ్రాటిల్ కేబుల్ ఉండదు కాబట్టి పెడల్ దగ్గర), 3,000 నుంచి 5,800 ఆర్‌పీఎం మధ్య మాత్రమే తెరిచే విండో స్విచ్, పెట్రోలు ప్రెషర్ పడితే ఆపేసే స్విచ్. విండో స్విచ్ లేకుండా రెవ్ లిమిటర్ (ఇంజిన్ వేగానికి పెట్టిన హద్దు) తగిలారనుకోండి, ఈసీయూ పెట్రోలు కట్ చేస్తుంది, గ్యాసు మాత్రం పారుతూనే ఉంటుంది.

95 ఆక్టేన్ పెట్రోలు పోయండి, స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్‌వి (వేడిని త్వరగా వదిలేవి) వేయండి, టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) ఒకటి రెండు డిగ్రీలు తగ్గించండి. మొదటి రన్ అవగానే ప్లగ్గు తీసి తెల్లటి పింగాణీని భూతద్దంతో చూడండి. పొడి ఉప్పు రవ్వల్లా మెరిసే చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ అల్యూమినియం. ఆ రోజుకి ఇక ఆపేయాలి.

ఇదంతా మూసిన ట్రాక్ కోసమే చెప్పాం. రోడ్డు మీద బండి కంపెనీ స్పెసిఫికేషన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం, 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, చేపల లారీల ఐసు నీళ్లు కారి నున్నబడ్డ కాలవ గట్టు రోడ్డు మీద ఈ బలం టైరుకి పట్టు దొరకనివ్వదు.

ప్రశ్న: అమలాపురం నుంచి. నాది సీఎన్‌జీ వేయించిన కారండి. డిక్కీలో ఆ ట్యాంకు పక్కనే నైట్రస్ పెట్టొచ్చా?

జవాబు: పెట్టకూడదు. మండేది ఒకటి, మంటకు ఆక్సిజన్ ఇచ్చేది ఒకటి, రెండూ ఒకే డిక్కీలోనా!

ప్రశ్న: కాకినాడ నుంచి. సిలిండరు ఎటు తిప్పి పెట్టాలి? జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుట్టాలా?

జవాబు: లోపల సైఫన్ ట్యూబు (అడుగునున్న ద్రవాన్ని వాల్వుకి చేర్చే గొట్టం) ఉంటుంది కాబట్టి పడుకోబెట్టి, లేబుల్ పైకి, వాల్వు బండి ముందు వైపుకి, ఆ కొస కాస్త ఎత్తుగా ఉండేలా బిగించండి. తిరగేస్తే బండి లాగినప్పుడు ద్రవం బదులు ఆవిరి వస్తుంది. సేఫ్టీ డిస్క్ సుమారు 3,000 పీఎస్ఐ దగ్గర పగిలేలా ఉంటుంది. దాని పైపు కచ్చితంగా బండి బయటికి తీయండి. లోపలికి వదిలితే అద్దాలు మూసిన కారులో డ్రైవరు స్పృహ తప్పుతాడు. సిలిండరు మీద పెసో (పేలుడు పదార్థాలు, గ్యాసు సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదపు ముద్ర ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

టేపు వద్దు. ఫ్లేర్ జాయింటు లోహానికి లోహమే ఆనుకుని పట్టేది. టేపు ముక్క తెగి సాలినాయిడ్‌లో (గ్యాసును తెరిచి మూసే కరెంటు వాల్వు) ఇరుక్కుంటే అది మూసుకోదు. గ్రీజు, నూనె అసలే తగలకూడదు, ఆ ఒత్తిడిలో అంటుకుంటాయి. వాల్వు కూడా విసురుగా కాదు, మెల్లగా తిప్పి తెరవండి. సబ్బు నీళ్లు పూసి చూస్తే లీకు బుడగల్లో తెలిసిపోతుంది.