అకర్బన రసాయన శాస్త్రంలో పరిశోధన చేయాలనుకునేవారు క్రిస్టలోగ్రఫీ (స్ఫటికాల్లో పరమాణువుల అమరికను కనుగొనే శాస్త్రం) కూడా నేర్చుకోవాలా?

తప్పకుండా నేర్చుకోవాలి. లోహ పరమాణువు చుట్టూ ఏ పరమాణువులు, ఎంత దూరంలో, ఏ కోణాల్లో అమరి ఉన్నాయన్నది ఈ రంగంలో మౌలికమైన ప్రశ్న. కోబాల్ట్ సమ్మేళనాలకు అష్టముఖ నిర్మాణం (లోహం చుట్టూ ఆరు దిశల్లో ఆరు బంధాలు) ఉంటుందని రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ 1893లో పరోక్ష ఆధారాలతోనే ప్రతిపాదించారు. స్ఫటికాలు ఎక్స్-కిరణాలను వివర్తనం చెందిస్తాయని, అంటే నిర్దిష్ట దిశల్లోకి చెదరగొడతాయని, 1912లో భౌతిక శాస్త్రవేత్త లావే బృందం కనుగొన్న తరువాతే ఇలాంటి నిర్మాణాలను నేరుగా నిర్ధారించే మార్గం ఏర్పడింది.

ఈ వృత్తిలో ఎక్కువ ఓర్పు కోరేది కొలత కాదు, మంచి స్ఫటికాన్ని పెంచడం. ద్రావణిని నెమ్మదిగా ఆవిరి కానివ్వడం, సమ్మేళనం అంతగా కరగని మరో ద్రావణి ఆవిరిని ద్రావణంలోకి వ్యాపింపజేయడం వంటి పద్ధతులతో, మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా సరే, నాణ్యమైన ఏకస్ఫటికం లభిస్తే, దానిని సుమారు 100 కెల్విన్‌కు చల్లబరచి, ఆధునిక పరికరంపై తరచుగా కొన్ని గంటల్లోనే ఎక్స్-కిరణ కొలతలు పూర్తిచేయవచ్చు.

అయితే ఆ కొలతల నుంచి సాఫ్ట్‌వేర్ చూపే పరమాణు నిర్మాణ చిత్రాన్ని పరీక్షించకుండా అంగీకరించడం ప్రమాదకరమని నేను గట్టిగా భావిస్తాను. ఎక్స్-కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు కాబట్టి, వాటి సంఖ్య దాదాపు సమానంగా ఉండే నైట్రోజన్, ఆక్సిజన్‌లను ఒకదానికొకటిగా పొరబడే అవకాశం ఉంది. బరువైన లోహం పక్కనున్న హైడ్రోజన్ అయితే సరిగా కనిపించకపోవచ్చు, అప్పుడు ఎక్స్-కిరణాలకు బదులు న్యూట్రాన్లను వాడే న్యూట్రాన్ వివర్తనం అవసరమవుతుంది. అందుకే బంధ దూరాలు రసాయనికంగా సమంజసమో కాదో నిర్ణయించగల రసాయన పరిజ్ఞానం, వర్ణపట ఆధారాలు కూడా తోడుండాలి. క్రిస్టలోగ్రఫీ, రసాయన పరిజ్ఞానం రెండూ ఉన్నవారికి ఉత్ప్రేరకాలు, బ్యాటరీ పదార్థాలు, ఔషధాల పరిశోధనలో అవకాశాలు ఉంటాయి.