పెద్ద సిక్లిడ్‌లకు రోజువారీ మేతగా ఏది మంచిది?

మీ ఆస్కార్ చేప పెల్లెట్లను, అంటే గుళికల మేతను, ఉమ్మేసి బతికున్న చిన్న చేపల మీదికే ఎగబడుతోంది కనుక వాటినే రోజువారీ మేతగా కొనసాగించవచ్చా అని అడిగారు. కొనసాగించవద్దు. సిక్లిడ్‌లు అనే చేపల కుటుంబంలోని ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, జాగ్వార్ వంటి పెద్ద చేపలకు రోజూ పెట్టవలసింది మంచి పెల్లెట్టే. తక్కినవన్నీ అప్పుడప్పుడూ పెట్టే చిరుతిళ్లు. ఎగబడి తిన్నంత మాత్రాన అది ఒంటికి పట్టే తిండి అయిపోదు.

ఒక మిత్రుడు తన తొట్టి తీసేస్తూ ఒక ఆస్కార్‌ను నాకు అప్పగించాడు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ గోల్డ్‌ఫిష్ తప్ప మరొకటి ఎరగని చేప అది. నేను వేసిన పెల్లెట్‌ను నోట్లోకి తీసుకొని, కాస్త నమిలినట్టు చేసి, మొప్పల సందుల్లోంచి పొడిగా వదిలేసి, అద్దం దగ్గరకు వచ్చి నా చేతి వంక చూసేది. నేను ఆ పొడినంతా వలతో తీసేసి, మరునాటి వరకు ఇంకేమీ వేసేవాణ్ణి కాదు. అది అలిగి, రంగు ముదిరి, అడుగున ఒక పక్కకు ఒరిగి పడుకుంది. దాని మీద జాలిపడిన మా ఇంట్లోవారి దృష్టిలో నేను కసాయివాణ్ణి. అయితే బాగా ఎదిగిన, జబ్బు లేని ఆస్కార్ వారం రోజుల పస్తును సులువుగానే తట్టుకుంటుంది, కనుక నేను తగ్గలేదు. చివరకు రొయ్యల రసంలో నానబెట్టిన పెల్లెట్‌ను మింగింది, తర్వాత నానబెట్టనిదీ మింగింది. ఇప్పుడు డబ్బా మూత తీసిన చప్పుడుకే నీళ్లు నేల మీదికి చిమ్ముతోంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, గోల్డ్‌ఫిష్‌లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అదే పనిగా వాటిని తిన్న చేపకు విటమిన్ బి1 కరువవుతుంది. పైగా కిక్కిరిసిన తొట్లలో పెరిగిన ఆ చేపలతో పాటే తెల్లమచ్చల వ్యాధీ, పేగు పురుగులూ వస్తాయి. అడవిలోని ఆస్కార్ కూడా చేపల మీదే బతకదు. పురుగులు, రొయ్యలు, నత్తలు దాని తిండిలో భాగమే. పశువుల గుండె మాంసమూ రోజువారీ మేతకు పనికిరాదు, ఎందుకంటే ఆ కొవ్వు చేపకు సరిగా అరగక కాలేయంలో పేరుకుంటుంది. బతికున్న చేపను వేసి, వేటను వీడియో తీసి పెట్టేవారు తృప్తి పరుస్తున్నది చేప ఆకలిని కాదు, చూసేవారి సరదాను.

పెల్లెట్ కొనేటప్పుడు డబ్బా ముందున్న బొమ్మను వదిలి, వెనకున్న పదార్థాల జాబితా చదవండి. మొదటి పేర్లు చేప, క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్రజీవి), రొయ్య అయి ఉండాలి. గోధుమపిండితో మొదలైతే అక్కడే పెట్టేయండి. కొంత పిండి మాత్రం తప్పదు, తేలే మేత ఉబ్బి తేలడానికి అదే ఆధారం. ఎదిగిన చేపకు ప్రోటీన్ 40 శాతం దరిదాపుల్లో ఉంటే చాలు. ఎక్కువైనది అమ్మోనియాగా మారి మొప్పల ద్వారా నీటిలోకే వస్తుంది, ఆ భారం ఫిల్టర్ మీద పడుతుంది. విటమిన్ సి నిల్వలో క్రమంగా నశిస్తుంది కాబట్టి, చవకగా వస్తోందని పెద్ద సంచి కొని నెలల తరబడి వాడడం కన్నా చిన్న డబ్బా కొని, మూత బిగించి, చల్లని చోట ఉంచడం మేలు. ఎదిగిన చేపకు రోజుకు ఒకసారి, ఒకటి రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేసి, వారంలో ఒక రోజు పస్తు పెట్టండి. మీ దగ్గర సెవెరమ్ అనే సిక్లిడ్ కూడా ఉంటే దానికి స్పిరులినా నాచు వంటి శాకాహారం ఎక్కువగా ఉన్న మేత వేరుగా కావాలి.

ఇక ఫ్లవర్‌హార్న్ నుదుటి మూపురాన్ని పెంచుతామని ఎక్కువ ధరకు అమ్మే డబ్బాల సంగతి. మూపురం ప్రధానంగా వంశాన్ని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి వస్తుంది. అస్టాక్సాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం కలిపిన మేత ఎరుపును కొంత పెంచగలదు, అంతే. ఆ డబ్బులతో మరింత పెద్ద ఫిల్టర్ కొనండి.