శనివారం ఫోన్ తియ్యరు, శుక్రవారం భోజనానికి వెళ్ళు

అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. న్యూజెర్సీలో హైలాండ్ పార్క్‌లో ఇల్లు దొరికింది, చుట్టూ అంతా యూదులే, శనివారం వస్తే వీధిలో కార్లు కదలవు, ఫోన్ చేస్తే తియ్యరు, బెల్లు కొడితే పలకరు, మమ్మల్ని వెలేసినట్టుంది అక్కా, ఇల్లు మారిపోమంటారా, లీజు మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, నాకు పని చేసుకునే పర్మిట్ వస్తుందా అని అడిగావు. పైగా పక్కింటివాళ్ళు ఈ శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచారట. మీ ఆయనేమో "మతం మార్చేస్తారేమో" అని నసుగుతున్నాడట.

ముందు మీ ఆయన సంగతి తేల్చేద్దాం. వాళ్ళు ఎవరినీ కలుపుకోవాలని చూడరు. ఎవరైనా తమంతట తామే వచ్చి చేరతామన్నా మూడుసార్లు వెనక్కి పంపించే సంప్రదాయం వాళ్ళది. నిశ్చింతగా కడుపునిండా తినమను.

లీజు మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో నీ అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. డిపెండెంట్ వీసా మీద పని చేసుకునే పర్మిట్ 2015 నుంచి కొందరికి ఇస్తున్నారు, నీకు వస్తుందో రాదో ప్రభుత్వం వెబ్‌సైట్‌లో చూసుకో. నేను చెప్పేది ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. ఈ దేశంలో మన ఆడపిల్లల్ని తినేసేది చలీ కాదు, డబ్బూ కాదు. పగలు పదకొండింటికి ఇంట్లో ఒక్కదానివే కూర్చున్నప్పుడు ఫ్రిజ్ చేసే చప్పుడు. ఆ చప్పుడు నీకు వినబడటం మొదలైందని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది.

నేను తెనాలి నుంచి 2001లో వచ్చాను. మా ఆయన ప్రాజెక్టు న్యూ బ్రన్స్‌విక్‌లో. రారిటన్ నది మీద వంతెన దాటితే ఇటు హైలాండ్ పార్క్. ఉన్నది ఒక్క కారు, అది ఆయనతో వెళ్ళిపోయేది. ఫోన్ కార్డు గీకి, ఆ బారెడు నంబరు నొక్కి అమ్మతో మాట్లాడుతుంటే, సరిగ్గా అసలు విషయం వచ్చేసరికి కార్డు అయిపోయేది. మీకేం, రోజంతా వీడియో కాల్ పెట్టుకుని వంట చేసుకుంటారు. అయినా ఒంటరితనం పోలేదంటున్నావు చూశావా. వీడియోలో అమ్మ కనబడుతుంది గానీ పక్కింటి తలుపు చప్పుడు వినబడదు.

రెండో వారమో మూడో వారమో, ఎవరితోనైనా పరిచయం చేసుకుందామని బొబ్బట్లు చేశాను. శనివారం పొద్దున పదిన్నరకి పళ్ళెం పట్టుకుని పక్కింటి బెల్లు కొట్టాను. లోపల హాల్లో లైటు వెలుగుతోంది, వంటింట్లో వెలుగుతోంది, ఎవరూ పలకరు. మూడుసార్లు కొట్టాను. లైట్లు వేసుకుని లోపల కూర్చుని నన్ను చూసి కూడా తలుపు తియ్యలేదనుకుని ఇంటికొచ్చి ఏడ్చాను. అసలు సంగతేమిటంటే వాళ్ళంతా సినగాగ్‌లో, అంటే వాళ్ళ ప్రార్థనామందిరంలో ఉన్నారు. 'షూల్' అంటారు వాళ్ళు. శుక్రవారం పొద్దు వాలిన దగ్గర్నుంచి వాళ్ళకి విశ్రాంతి రోజు. లైట్లు శుక్రవారం సాయంత్రం వేసినవి. శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా స్విచ్ ముట్టుకోరు కాబట్టి అవి అలా వెలుగుతూనే ఉంటాయి.

ఆ రాత్రి పక్కింటి పెద్దావిడే వచ్చింది. నేను బెల్లు కొట్టడం ఎదురింటివాళ్ళెవరో చూశారట. బొబ్బట్ల పళ్ళెం ఇస్తే నా చేతులు పట్టుకుని, మీ వంటింట్లో వండింది మేము తినలేం, నీ మీద చిన్నచూపు కాదు అని చెప్పింది. రెండు రోజులు నాకు మంటగానే ఉంది. తరవాత మా మేనత్త మడి గుర్తొచ్చింది. సొంత కూతురు ముట్టుకున్న చెంబు కూడా మళ్ళీ తోమించేది. ఆవిడని భరించినదాన్ని, ఈవిడ మీద కోపమెందుకు? నువ్వు మాత్రం బొబ్బట్ల జోలికి పోకు. ప్యాకెట్ మీద గుండ్రటి గీతలో 'యు' అక్షరం ఉంటే వాళ్ళ ఆహార నియమాల ప్రకారం చేసిందని గుర్తు, అలాంటి సీలు తియ్యని స్వీట్లు ఏ కొట్లోనైనా ఉంటాయి. కొయ్యని పళ్ళైనా పర్వాలేదు. ఏది ఇచ్చినా శుక్రవారం పొద్దు వాలకముందే ఇచ్చెయ్యి.

ఆ తరవాతి శుక్రవారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఆ ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది, అక్కడి నుంచి లెక్క. డిసెంబరులో అది సాయంత్రం నాలుగుంపావుకే, జూన్‌లో ఎనిమిది దాటాక. మన టైములో వెళ్తే కుదరదని చెప్తున్నాను.

బల్ల మీద తెల్లటి దుప్పటి, బట్ట కప్పిన రెండు జడల రొట్టెలు. ఆ రొట్టెని ఖాలా అంటారు. పెద్దాయన మనవల తలల మీద చేతులు పెట్టి ఒక్కొక్కరినీ దీవించాడు. అక్షింతలు లేవంతే. నాకు అక్కడే గొంతు పట్టేసింది. ద్రాక్షసారా గ్లాసు పట్టుకుని పాట పాడారు. తరవాత అందరూ లేచి రెండు చెవుల చెంబుతో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. నేను మర్యాదగా ఉంటుందని "రొట్టె ఇంట్లోనే చేస్తారా?" అని అడిగాను. జవాబు లేదు. ఆవిడ నవ్వి వేలు చూపించింది. ఆయన్ని అడిగాను, "ఊఁ ఊఁ" అన్నాడు. ఏం తప్పు మాట్లాడానో తెలియక చెమటలు పట్టాయి. చేతులు కడుక్కున్నాక రొట్టె కొరికేదాకా మాట్లాడకూడదట! ఎవరైనా ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రెండు నిమిషాల టెన్షన్ తప్పేది. అందుకే నీకు చెప్తున్నాను.

భోజనం చివర పెరుగు అడిగాను. నవ్వకు, ఎవరైనా అడుగుతారు కదా. మాంసం వడ్డించిన బల్ల మీదకి పాలు, పెరుగు, నెయ్యి రావు. తిన్నాక కూడా గంటల తరబడి ముట్టుకోరు. శాకాహారులమని ముందే చెప్పు, సలాడ్లు బోలెడు పెడతారు. పెరుగన్నం ఇంటికొచ్చి తిను.

ఇంక అసలు ఘనకార్యం వినవే. వాళ్ళ బాత్రూమ్‌కి వెళ్ళాను. టిష్యూ కాగితాలు ముందే చింపి ఒక డబ్బాలో పేర్చి ఉన్నాయి. చింపడం కూడా పనే కదా వాళ్ళకి. ఇంత పద్ధతా అని మెచ్చుకుంటూ బయటికొచ్చాను. వస్తూ నా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి వెళ్ళింది. చిన్నప్పుడు లైటు ఆర్పకపోతే "బిల్లు నువ్వు కడతావా?" అని మా నాన్న వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు. టక్.

నాలుగేళ్ళ మనవడు నోటి మీద చెయ్యి పెట్టుకుని "లైటు ఆర్పేసింది!" అన్నాడు. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. పెద్దాయన గొంతు సవరించుకుని, "బాత్రూమ్‌లో బాగా చీకటిగా ఉంది" అన్నాడు. "అవునండీ, నేనే ఆర్పాను" అన్నాను గొప్పగా. పెద్దావిడ మెల్లగా, "వెళ్ళేముందు ఇంకోసారి బాత్రూమ్‌కి వెళ్తావా?" అంది. ఇదేం ప్రశ్న, పరాయి మగవాళ్ళ ముందు! "అక్కర్లేదండీ, మా ఇల్లు పక్కనే కదా" అన్నాను. వచ్చేశాం. మర్నాడు రాత్రిదాకా తొమ్మిది మంది ఆ చీకట్లోనే, నడవాలో లైటు వెలుతురు కోసం తలుపు ఓరగా పెట్టుకుని కానిచ్చారట.

కథ ఏమిటంటే, విశ్రాంతి రోజున చెయ్యకూడని పనులు 39 రకాలు, నిప్పు వెలిగించడం వాటిలో ఒకటి. కరెంటు స్విచ్‌ని కూడా ఆ లెక్కలోనే చూస్తారు. వేరేవాళ్ళని చెయ్యమని నోరు తెరిచి అడగకూడదు. కానీ మనం మన అవసరానికి దీపం వేసుకుంటే ఆ వెలుతురు వాళ్ళూ వాడుకోవచ్చు. నేను ఇంకోసారి బాత్రూమ్‌కి వెళ్ళి లైటు వేసుకుని ఉంటే సరిపోయేది! ఆ మాట మిష్నాలో ఉందని తరవాత పెద్దాయన పుస్తకం తెరిచి చూపించాడు. సుమారు 1800 ఏళ్ళ కిందట కూర్చిన వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం. నాలాంటి అతిథి అప్పుడూ ఉండే ఉంటుంది.

ఆ పుస్తకం చూడాలమ్మా. మిష్నా, దాని మీద తరవాతి పండితుల చర్చ కలిస్తే తాల్ముద్. ఆ పేజీలో మధ్యలో మూలం, ఒక పక్క రాషి వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆయన తరవాతి వాళ్ళది. రాషి 1040లో ఫ్రాన్స్‌లో పుట్టాడు, ఇంచుమించు మన నన్నయ కాలం. రోజుకో పేజీ చొప్పున చదివితే 2,711 పేజీలకి ఏడున్నరేళ్ళు పడుతుంది. 1923లో మొదలుపెట్టిన పద్ధతి అది. ప్రపంచంలో ఎక్కడున్నా అందరిదీ ఒకే రోజు ఒకే పేజీ. ఇప్పుడు నడుస్తున్న చుట్టు 2020 జనవరిలో మొదలైంది, 2027లో అవుతుంది. ఒంటరిగా చదవరు, ఇద్దరిద్దరు కూర్చుంటారు. ఆ జతని హవ్రూతా అంటారు. శనివారం మధ్యాహ్నం గోడ అవతల ఇద్దరు ముసలాళ్ళు బల్ల గుద్ది కేకలేసుకుంటుంటే ఆస్తి తగాదా అనుకుని మా ఆయన్ని లేపాను. చూస్తే ఒకడి ఎద్దు ఇంకొకడి ఎద్దుని పొడిస్తే నష్టం ఎవరు కట్టాలని వాదన! ఆ ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ జత. నీకు నాకు ముప్పై ఏళ్ళుగా వారం వారం వచ్చి పోట్లాడేవాళ్ళు ఎవరున్నారు చెప్పు.

షూల్‌కి కూడా పిలుస్తారు, వెళ్ళు. చేతులు, మోకాళ్ళు కప్పే బట్టలు చాలు, నేను చుడీదార్‌తోనే వెళ్ళాను. ఆడవాళ్ళకి వేరే పక్క, మధ్యలో అడ్డు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళు. ఎదురింటి పిల్లాడికి పదమూడేళ్ళు నిండితే వేడుకకి వెళ్ళాను. వాళ్ళ పవిత్ర గ్రంథం తోరాని చేత్తో రాసిన తోలు చుట్టలోంచి చదవాలి. అందులో అచ్చుల గుర్తులు ఉండవు, రాగం గుర్తులు ఉండవు, రెండూ కంఠతా రావాలి. వెండి పుల్లతో అక్షరం చూపించుకుంటూ చదువుతున్నాడు. ఒక చోట పలకడం తప్పితే పక్కన నిలబడ్డవాళ్ళు చటుక్కున సరిదిద్దారు. మా ఊరి శివాలయంలో నమకంలో స్వరం తప్పితే పెద్దాయన ఇలాగే అందుకునేవాడు. అయ్యాక పిల్లాడి మీద అందరూ చాక్లెట్లు విసిరారు. నేను పెళ్ళిలో తలంబ్రాల్లా గుప్పిట నిండా విసిరాను. అంతవరకూ బానే ఉంది. నూటపదహార్లు కవరులో పెట్టి వాళ్ళమ్మ చేతికి ఇవ్వబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాగేసుకుంది. శనివారం కదా, ఆ రోజు డబ్బు ముట్టరు. మర్నాడు ఇవ్వాలి, అదీ 18 లెక్కన, 36 గానీ 54 గానీ. 'జీవం' అనే మాటలో అక్షరాల విలువ కలిపితే 18 అవుతుందట.

'ఎరువ్' గురించి కూడా విని ఉంటావు. "మంచుకి ఎరువ్ పోయింది" అని ఆవిడ దిగులుపడితే, పెరట్లో మొక్కల ఎరువు అనుకుని మా బాల్కనీలో బస్తా ఉంది ఇస్తానన్నాను. ఊరి చుట్టూ స్తంభాల మీద కట్టిన తీగ అది. అది తెగకుండా ఉంటేనే శనివారం వీధిలో పిల్లల్ని తోపుడుబండిలో తీసుకెళ్ళొచ్చు, వస్తువులు మోసుకెళ్ళొచ్చు. కారెక్కకూడదు కాబట్టి అందరూ షూల్‌కి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంటారు. నువ్వు వెలేశారనుకుంటున్న ఆ వీధిలో శనివారం పన్నెండింటికి వాకిట్లో నిలబడి చూడు, తిరునాళ్ళలా మనుషులు నడిచి వస్తారు. నువ్వు కిటికీ తెర వేసుకుని ఫోన్ చేస్తున్నావు!

ఇల్లు మారదామనే ఆలోచన మేమూ చేశాం. మనవాళ్ళున్న టౌన్‌లో పెద్ద ఇల్లు కొన్నాం. ఇరుగు పొరుగు అంతా తెలుగే. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు లోపలికెళ్తుంది, తలుపు దిగుతుంది. మనిషి కనబడడు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుళ్ళో కలిస్తే "రండి ఓసారి" అంటారు, ఎప్పుడో చెప్పరు. రెండేళ్ళకే నష్టానికి అమ్మి ఇక్కడికే తిరిగొచ్చాం. చుట్టాలంతా నవ్వారు. నవ్వనీ.

తిరిగొచ్చిన ఏడాది జూలైలో, శుక్రవారం రాత్రి పెద్దాయన తలుపు తట్టి, "మా ఇంట్లో ఎంత ఉక్కగా ఉందో చెప్పలేను" అన్నాడు. "అబ్బ, నాకూ ఉక్కగానే ఉందండీ, మీ హాల్లో కాసేపు కూర్చుంటాను" అని వెళ్ళి, నా కోసమే ఏసీ వేసుకుని పావుగంట కూర్చుని వచ్చేశాను. "నేనేం అడగలేదు" అన్నాడాయన. "నేనేం వినలేదు" అన్నాను. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది గానీ ఈ భాషకి ఆరేళ్ళు పట్టింది నాకు.

ఇంకో సంగతి. ఒకసారి ఆవిడ, "మీ గుంటూరు జిల్లాలో తెలుగు మాట్లాడే యూదులున్నారట కదా" అంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని కొన్ని కుటుంబాలు, సొంత సినగాగ్ కూడా ఉందట. చేబ్రోలు మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో! అక్కడ కూడా శుక్రవారం పొద్దు వాలితే ఎవరో దీపం పెడుతున్నారని తెలియడానికి నేను న్యూజెర్సీ రావాల్సి వచ్చింది. ఈ మాట నువ్వూ బల్ల దగ్గర ఎత్తు, గంట మాటలు నడుస్తాయి.

శుక్రవారం పొద్దునే ఆవిడని దీపాల టైము అడుగు. చేతులు కడిగాక నోరు విప్పకు. మీ ఆయనకి స్విచ్ సంగతి ముందే చెప్పు, మగవాళ్ళకి ఆ చెయ్యి ఇంకా దురద. మా పక్కింట్లో బాత్రూమ్ స్విచ్ మీద ఇప్పటికీ టేపు అంటించి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎందుకని అడిగితే ఆవిడ మా ఇంటివైపు చూపిస్తుంది.