మాజీ ఎమ్మెల్యేపై ఎథిక్స్ కమిటీ నివేదిక ఇవ్వనంటే

అన్నా, మాజీ ఎమ్మెల్యే మీద ఎథిక్స్ కమిటీ (సభ్యుల నడవడిని విచారించే సభా సంఘం) ఇచ్చిన నివేదిక ఆర్టీఐలో అడిగితే సభాహక్కులంటూ కుదరదన్నారని రాశావు, టెన్షన్ పడకు. వాళ్లు పట్టుకున్నది సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(సి), అంటే శాసనసభ ప్రత్యేక హక్కులకు భంగం కలిగించే సమాచారం ఇవ్వక్కర్లేదనేది. ముందు ఆ నివేదికను సభలో పెట్టారో లేదో కనుక్కో, పెట్టేసి ఉంటే ఆ సాకు నిలబడటం కష్టం. పెట్టకపోయినా 8(2) కింద ప్రజాప్రయోజనం చూపించి, జవాబు చేతికందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసెయ్. వాళ్ల కవరు మాత్రం పారెయ్యకు, తేదీకి దాని మీది పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం (నేనోసారి బ్రాడీపేటలో జిరాక్స్ షాపు బల్ల మీదే వదిలేసి నానా తిప్పలు పడ్డా). పదవే పోయిందిగా, ఇంకెందుకు అంటే, అమెరికాలో ప్రతినిధుల సభ సభ్యుడు మ్యాట్ గేట్జ్ 2024 నవంబరులో రాజీనామా చేసినా, ఆయన మీది ఎథిక్స్ కమిటీ నివేదికను డిసెంబరులో బయటపెట్టారని రాయి. అప్పీలులోనూ కాదంటే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్లు.