పాస్టెల్ రంగు పట్టడం లేదంటే ముందు పేపర్ మార్చి చూడండి

మామూలు డ్రాయింగ్ షీట్ మీద పండ్లు, గిన్నెలు వేస్తున్నాను, మూడు పొరలయ్యాక సాఫ్ట్ పాస్టెల్ పట్టడం లేదు, మెరుపు పెట్టబోతే బురదలా కలిసిపోతోంది, మంచి సెట్ కొనాలా అని అడిగారు. సెట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను వెళ్లాను. డబ్బు పోయింది, బురద మాత్రం అలాగే ఉంది.

పాస్టెల్ అంటే దాదాపు ఉత్త రంగు పొడే, జిగురు చాలా తక్కువ. దాన్ని పట్టి ఉంచేది పేపర్ గరుకు. ఆ సందులు నిండాయంటే పైన ఏం వేసినా జారుతుంది.

ఇది నాకు ఇత్తడి చెంబు, పక్కన రెండు వంకాయలు పెట్టుకుని వేసిన రోజు తెలిసింది. కాన్సన్ కంపెనీ మి-టైంట్స్ అనే పాస్టెల్ పేపర్, 160 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాముల బరువు), ముదురు బూడిద రంగు షీట్. మొదట వేసిన వైపు తేనెపట్టు గళ్లలాంటి అచ్చు ఉంది, చెంబు నున్నదనమంతా చుక్కలు చుక్కలైపోయింది. తిప్పి, సన్న గరుకున్న రెండో వైపు మళ్లీ మొదలుపెట్టాను. నీడ ఉన్నచోట అసలు రంగే వేయలేదు, పేపర్ రంగునే వదిలేశాను. వెలుగు పడ్డచోట పసుపు మట్టిరంగు, వంకాయ ప్రతిబింబం చెంబు మీద కనిపించినచోట కొంచెం ఊదా. చివరికి లేత పసుపు ముక్కతో ఒక్క నొక్కు నొక్కి వదిలేశాను, వేలు పెట్టలేదు. చెంబు వెలిగింది!

పొరలు ఎక్కువ కావాలంటే ఇసుక పూతున్న పేపర్లు ఉన్నాయి. యూఆర్ట్ అనే బ్రాండ్‌లో 240 నుంచి 800 దాకా నంబర్లుంటాయి, నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. నేను 500 వాడతాను. దీని మీద వేలితో రుద్దకండి, చర్మం లేస్తుంది. పాస్టెల్‌మ్యాట్ అనే ఇంకో పేపర్ (360 జీఎస్ఎమ్) చేతికి మెత్తగా తగులుతుంది, అయినా పొరలు బాగా మోస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే, కాకపోతే ఖరీదు.

ఖర్చు వద్దనుకుంటే 300 జీఎస్ఎమ్ వాటర్‌కలర్ పేపర్ మీద జెస్సోలో (రంగుకి ముందు పూసే తెల్లటి అడుగు పూత) మెత్తని ప్యూమిస్ రాతి పొడి కలిపి పూసుకోండి. బ్రష్ గీతలు కనిపిస్తాయి. మట్టికుండకి, జామకాయ తోలుకి అవి అందమే, గాజుకీ ఇత్తడికీ కుదరవు. వడ్రంగుల ఉప్పుకాగితం సాధనకి మాత్రమే, దాచుకునే బొమ్మకి వద్దు.

అలాగని నున్నటిది పనికిరాదని కాదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న, పాతకాలపు స్విస్ చిత్రకారుడు లియోటార్ వేసిన ‘చాక్లెట్ గర్ల్’ బొమ్మ, పార్చ్‌మెంట్ (నున్నగా చేసిన జంతు చర్మం) మీద వేసిన పాస్టెలే. ఆ ట్రేలోని నీళ్ల గ్లాసు దగ్గరగా చూడండి.

పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, ఫిక్సేటివ్, కొడితే లేత రంగులు మసకబారతాయి, అందుకే చివరి మెరుపు మీద నేను కొట్టను. గ్లాసిన్ అనే నున్నటి పల్చటి పేపర్ కప్పి దాస్తాను.

ముందు ఒక్క బూడిద రంగు మి-టైంట్స్ షీట్ కొని నాలుగు ముక్కలు చేయండి. ఒకే జామకాయని ఒక ముక్కకి ఈ వైపు, ఇంకోదానికి ఆ వైపు వేసి, రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.